భూలక్ష్మి టీచరు చార్జి ఎవరికి అప్పగించాలి?

పుప్పాలగూడ బడికి నాలుగు గోడలు, ఐదు తరగతులు, ఒక్క టీచరు. ఆ టీచరు పేరు భూలక్ష్మి. సొంతూరు పక్కనే ఉన్న నార్సింగి. నేను హఫీజ్‌పేట బళ్ళో తెలుగు చెప్పేవాణ్ణి. నెలనెలా జరిగే ఉపాధ్యాయుల సమావేశంలో ఆవిడ పక్కన కూర్చోవాల్సి వస్తే నాకు ముందే తలనొప్పి మొదలయ్యేది. ఐదు తరగతుల పిల్లల గోల మీదుగా వినబడాలని పెంచుకున్న గొంతు కదా, టీలో పంచదార తక్కువైందన్నా వీధి చివరికి వినిపించేది. పైగా ప్రతి మాటా పేచీయే.

"నా లెక్క ఒక్క అర్రల ఐదు తరగతులు నడిపెటోళ్ళు ఎవలన్న ఉంటే చూపెట్టు సారూ," అని సవాలు చేసేది. చూపించడానికి నా దగ్గర ఎవరూ లేరు.

నాలుగు గోడలకూ నల్లరంగు పూయించి గోడకో తరగతిని అప్పజెప్పింది. రెండు నుంచి ఐదు తరగతుల పిల్లలు ఎవరి గోడ వైపు వాళ్ళు తిరిగి కూర్చుంటారు. ఒకటో తరగతి వాళ్ళు మధ్యలో చింతగింజలు పేర్చుకుంటూ ఉంటారు. ఈవిడ గిరగిరా తిరుగుతూ ఒక గోడకు కూడిక ఇచ్చి, ఇంకో గోడకు పద్యం అందించి, మూడో గోడ దగ్గర కొట్టుకుంటున్న ఇద్దరిని విడదీసి, మళ్ళీ మొదటి గోడకు వచ్చేది. సాయంత్రానికి కాళ్ళు వాచిపోయేవి. ఇంకో టీచరును ఇవ్వమని చేరిన నాటి నుంచీ ఏటా అడుగుతోంది. చూద్దాం, చూద్దాం అంటూ పంచాయతీ సమితి వాళ్ళు పదకొండేళ్ళు గడిపేశారు.

డెబ్బై ఐదులో నగరంలోని విద్యాశాఖ కార్యాలయం ఒకటి కొత్త పని తలపెట్టింది. ఒక్క టీచరే ఉన్న బళ్ళలో కొత్త పాఠ్యక్రమం ఎలా నడపాలో చెప్పే పుస్తకం రాయించాలని. రాసే ఉపాధ్యాయులకు ముందుగా ఆమోదం, తర్వాత మూడు ప్రతుల్లో ఒప్పందం, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, సమావేశమైన రోజుకింత అని గౌరవ వేతనం. భాష దిద్దడానికి నన్ను తీసుకున్నారు. మా బళ్ళో ఆరుగురం టీచర్లం కనుక నా ఆమోదం చిటికెలో అయిపోయింది.

మొదటి సమావేశంలో చుట్టూ చూశాను. ట్రైనింగ్ కాలేజీ లెక్చరర్లు, హైస్కూలు హెడ్మాస్టర్లు, నేను. ఒంటి టీచరు బడి నడిపినవాడు ఒక్కడూ లేడు. ఈతరాని వాళ్ళమంతా గట్టు మీద కూర్చుని ఈత గురించి పుస్తకం రాయడానికి తయారయ్యాం. కమిటీ కన్వీనరు విశ్వేశ్వరరావు గారికి భూలక్ష్మి సంగతి చెప్పాను. ఆయన మంచివాడే. నాలుగు గోడల పద్ధతి విని కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇలాంటి మనిషే కావాలండీ మనకు. రేపే పిలిపించండి. ఒక అధ్యాయం మొత్తం ఆవిడ చేతే రాయిద్దాం. పేరు కూడా వేద్దాం."

ఆ సాయంత్రమే సైకిలు తొక్కుకుంటూ కొండాపూర్, గచ్చిబౌలి బండల మధ్య నుంచి పుప్పాలగూడ వెళ్ళి చెప్పాను. భూలక్ష్మి కాసేపు నమ్మలేదు.

"నిజంగ నా పేరు ఏస్తరా? పుస్తకంల?"

"వేస్తారండీ. డబ్బు కూడా ఇస్తారు."

"పైసలిస్తే మంచిదే. పేరు మాత్రం ఉండాలె సారూ. ఇన్నేండ్లు ఈ అర్రల తిరిగి తిరిగి నేనేం జేసిన్నో ఎవలకు తెల్వదు. ఒక్కసారన్న తెల్వాలె." అలా అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు మెరవడం నేను చూశాను. ఆ మెరుపు చూసే నేను ఇరుక్కున్నాను, లేకపోతే తర్వాత అంత తిరుగుడు తిరిగేవాణ్ణి కాదు.

ఒప్పందంలో ఒక షరతు ఉంది. రాసే టీచరును వాళ్ళ బడి నుంచి విధిగా రిలీవ్ చేయాలి. రిలీవ్ కావాలంటే బడి చార్జి, అంటే హాజరుపట్టీ, బీరువా తాళాలు, పిల్లల బాధ్యత, ఇంకో టీచరుకు అప్పగించాలి. ఆ కాగితం సమితి ఆఫీసు నుంచి రావాలి. అక్కడ చదువుల వ్యవహారాలు చూసే విస్తరణాధికారి లింగమూర్తి. మేమిద్దరం వెళ్ళి నిలబడ్డాం.

"చార్జి ఎవలకిస్తవ్ టీచరమ్మా?" అన్నాడు లింగమూర్తి.

"ఎవలకియ్యాలె? నేనొక్కదాన్నే గద బడిల."

"గట్లయితే రిలీవ్ కాలేవు."

"రిలీవ్ కాకుంటే వాళ్ళు ఆమోదం లేదంటున్నరు."

"అది వాళ్ళ ఫికర్. నా ఫికర్ చార్జి."

నాకు ఒళ్ళు మండింది. "అయ్యా, ఒంటి టీచరు బడుల గురించి పుస్తకమండీ. ఒంటి టీచరు రాకూడదంటే ఎవరు రాయాలండీ?" అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఇద్దరు టీచర్లున్న బడి నుంచి ఎవలనన్న తీస్కపోండ్రి పంతులుగారూ. ఏం తక్లీఫ్ ఉండదు."

కమిటీలో ఒంటి టీచరు ఎందుకు లేడో నాకప్పుడు అర్థమైంది. రాష్ట్రమంతా వెతికినా దొరకడు. చార్జి అప్పగించగలిగినవాడు ఒంటి టీచరు కాడు, ఒంటి టీచరైనవాడు చార్జి అప్పగించలేడు. ఈ ముక్క విశ్వేశ్వరరావు గారికి చెబితే ఆయన నుదురు రుద్దుకుని, నిబంధన నిబంధనేనండీ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఒక దారి చూపించాడు. ఆవిడ రాసింది నేను తీసుకొచ్చి నా పేరున ఇవ్వాలి. నాకొచ్చే డబ్బులో ఆవిడ వాటా నేను చేతికిచ్చేయాలి. అందరికీ సుఖం.

నిజం చెప్పాలంటే నాకూ అది సుఖంగానే తోచింది. పుప్పాలగూడ వెళ్ళి చెప్పానో లేదో, పిల్లలు గోడల వైపు నుంచి ఇటు తిరిగి చూసేంత గట్టిగా అరిచింది.

"నా పని నీ పేరు మీద ఇస్తవా? నేనేమన్న దొంగతనం జేస్తున్ననా సారూ? నౌకరి ఇచ్చేటప్పుడు నా సంతకం తీస్కున్నరు, పని చెయ్యమన్నరు, చేస్తున్న. ఇప్పుడు ఇంకో పని జెయ్యమంటున్నరు. దానికి గూడ నన్నే పిలవాలె, నా సంతకమే తీస్కోవాలె, నాకే ఇయ్యాలె. చాటుమాటుగ ఏందిది?"

"నాకేం లాభం లేదండీ భూలక్ష్మి గారూ. మీ కోసమే చెబుతున్నాను."

"నా కోసమైతే పోయి ఆ లింగమూర్తి సారుతోని కొట్లాడు."

కోపంతో సైకిలెక్కాను. సగం దారిలో ఆవిడ అన్నదాంట్లో తప్పేముందని ఆలోచించాను. ఏమీ కనిపించలేదు. అందుకు ఇంకా కోపమొచ్చింది.

దసరా సెలవులొస్తున్నాయి. సెలవుల్లో బడే ఉండదు, ఇక చార్జి అప్పగించే పనేముంది? ఈ ఆలోచన నాదే. లింగమూర్తి కూడా కాదనలేకపోయాడు. విశ్వేశ్వరరావు గారు పండగ అయ్యాక, సెలవుల్లోనే నాలుగు రోజులు సమావేశం పెట్టించాడు. భూలక్ష్మి జరీ అంచు చీర కట్టుకుని, తను రాసిన కాగితాల కట్ట చంకన పెట్టుకుని నగరానికి వచ్చింది. గుమ్మం దగ్గరే లెక్కల విభాగం వాళ్ళు ఆపేశారు. సెలవుల్లో ఉన్న ఉపాధ్యాయురాలు విధుల్లో ఉన్నట్టు కాదట. విధుల్లో లేని మనిషితో ఒప్పందం చెల్లదట. ఒప్పందం లేని మనిషి లోపల కూర్చుంటే ఆడిట్ వాళ్ళు అడుగుతారట.

"బడి ఉన్నప్పుడు వస్తే రిలీవ్ కాలేదంటరు. బడి లేనప్పుడు వస్తే నౌకరి మీద లేనంటరు. మరి నేనెప్పుడు రావాలె?" అంది భూలక్ష్మి. బస్టాండు దాకా నేను వెంట వెళ్ళాను. దారి పొడుగునా నన్నే తిట్టింది. నోరు మూసుకుని పడ్డాను. ఇంకెవరిని తిట్టగలదు పాపం.

ఈలోగా ఒంటి టీచరు అధ్యాయాన్ని ఒక లెక్చరరు రాసేశాడు. దిద్దడానికి నా దగ్గరికి వచ్చింది. 'ఉపాధ్యాయుడు తన తోటి ఉపాధ్యాయులతో సంప్రదించి వారపు ప్రణాళిక తయారు చేసుకోవలెను' అని మొదటి వాక్యం. ఒక్కడే ఉన్న బళ్ళో తోటివాళ్ళెవరని అడిగాను. అది నిజమేనని ఒప్పుకుని, 'వీలైనచో' అని చేర్చాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆ కాగితాలు తీసుకెళ్ళి విశ్వేశ్వరరావు గారి బల్ల మీద పడేశాను. భూలక్ష్మి రాకపోతే ఈ పుస్తకం పొట్లాలు కట్టుకోవడానికి కూడా పనికిరాదన్నాను. ఆయనకూ రోషం వచ్చింది. పైవాళ్ళతో మాట్లాడి సమితికి గట్టిగా రాయించాడు. ఎలాగైనా సరే, చార్జి తీసుకోవడానికి ఒక మనిషిని ఇవ్వండని.

సంక్రాంతి వెళ్ళిన వారానికి పుప్పాలగూడ బడికి రెండో టీచరు వచ్చింది. పేరు సీతాబాయి. ట్రైనింగ్ అయి రెండేళ్ళుగా పోస్టింగు కోసం ఎదురుచూస్తున్న పిల్ల. చార్జి తీసుకోవడానికి పోస్టు అయితే మంజూరైంది, ఇక భూలక్ష్మి రిలీవ్ కావడమే తరువాయి. నేను ఎగిరి గంతేశాను. ఆమోదం కాగితం మీద సంతకం చేయించుకోవడానికి నేనే స్వయంగా విశ్వేశ్వరరావు గారి గదికి వెళ్ళాను.

ఆయన ఫైలు ముందు పెట్టుకుని మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"చిక్కొచ్చి పడిందండీ యజ్ఞనారాయణ గారూ. ఆవిడను తీసుకుంటున్నది ఏకోపాధ్యాయ పాఠశాల నుంచి కదా? ఇప్పుడు ఆ బళ్ళో ఇద్దరున్నారు. అది ఏకోపాధ్యాయ పాఠశాల కాదు. ఆవిడకు అర్హత లేదంటున్నారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బల్ల మీద గుద్దాను. చెయ్యి నొప్పెట్టింది, అంతే.

"ఒక మార్గముంది," అన్నాడాయన. "రెండో టీచరు అవసరం లేదని ఆవిడ రెండు ముక్కలు రాసివ్వాలి. ఆ పోస్టు రద్దవుతుంది, ఆవిడకు అర్హత వస్తుంది. రద్దు కాగితం సమితికి చేరేలోపు సీతాబాయికి చార్జి అప్పగించి వచ్చేయవచ్చు. లింగమూర్తి గారితో మాట్లాడాను, సరేనన్నారు. ఆవిడ అధ్యాయం, ఆవిడ పేరు, ఆవిడ డబ్బు, అన్నీ సక్రమంగా జరుగుతాయి. మా పని అయ్యాక ఆవిడ మళ్ళీ ఒక్కతే నడుపుకుంటుంది, ఇన్నాళ్ళూ నడపలేదూ?"

పుప్పాలగూడ వెళ్ళేటప్పుడు దారంతా ఆ రెండు ముక్కలు రాయమనే చెబుదామనుకున్నాను. ఇంత తిరిగి, ఇన్ని మాటలు పడి, చివరి మెట్టు మీద ఆగడమేమిటని నా బాధ. పోస్టు రద్దయినా సీతాబాయి రేపు ఇంకో బడికి పోతుంది. పుస్తకంలో పేరు మాత్రం మళ్ళీ రాదు.

బడికి వెళ్ళేసరికి వసారాలో సీతాబాయి చిన్న తరగతుల వాళ్ళతో ఉంది. లోపల భూలక్ష్మి కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ బళ్ళో కూర్చోవడం నేను చూడలేదెప్పుడూ. ఐదో తరగతి పిల్లలు వరసగా లేచి పాఠం చదువుతున్నారు. నన్ను చూసి బయటికి వచ్చింది. అంతా చెప్పాను. అరుస్తుందని గుండె గట్టి చేసుకున్నాను. అరవలేదు.

"పదకొండేండ్ల సంది అడిగితే రాని మనిషి, నన్ను ఆపెటందుకు వచ్చింది సారూ," అంది.

"రెండు ముక్కలు రాసివ్వండి. ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు. అది మీ హక్కు."

"నా హక్కే. నాకు తెల్సు. రాయాలని నాకెంత ఉందో నీకు గూడ తెల్సు." గడప లోపలికి చూసింది. "గా మూలకు కూసున్న పిల్లను జూడు. ఆ పిల్లకు చదువస్తలేదు. ఒక్క అక్షరం గూడ. పక్క పిల్ల చదివితే విని ఒప్పజెప్తది. గింత మంచిగ ఒప్పజెప్తది, నేను శబాష్ అనుకుంట ఇంకో గోడకు పోయేదాన్ని. సీతాబాయి వచ్చినంక కూసోని ఒక్కొక్కల తోని చదివిపిస్తే, అప్పుడు తెల్సింది. నాలుగేండ్లు నా బడిలనే ఉంది సారూ. నాలుగేండ్లు నాకు తెల్వలే."

నేను గడప దగ్గర నుంచి ఆ మూల వైపు చూశాను.

"నాలుగు గోడలు మంచిగ పనిజేస్తయని గద నేను రాసింది? ఆ కట్టంతా గదే. దసరాకు నన్ను లోపలికి రానిస్తే గదే అచ్చయితుండె, నా పేరు తోని." కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. ఆ ఏడుపులో సగం కోపమే. "నేను రాసియ్య. సీతాబాయిని పంపియ్య. ఇగ నాకు రాయనీకి ఒక్కటే ఉంది. ప్రతి బడికి ఇంకో టీచరును ఇయ్యిండ్రని. ఆ ముక్క రాస్తే మీ కమిటీ ఒప్పుకుంటదా సారూ?"

ఒప్పుకోదు. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి, ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుని, పలక మీద 'అ' దిద్దించడం మొదలుపెట్టింది.