తిప్పని పులుసు

చేపల పులుసులో గరిటె పెట్టకూడదు, ముక్క చెదిరిపోతుంది. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. కోడలిగా ఈ ఇంట్లో మా అత్త నాకు నేర్పిన మొదటి విద్య అది.

ఆ రోజు మావ సముద్రం మీదికి చేపల వేటకెళ్లాడు. మధ్యాహ్నం నుంచి గాలి ముదిరింది. పడవ వచ్చే వేళ దాటిపోయింది, ఫోన్ కలవడం లేదు. అత్త పొయ్యి మీద పులుసు పెట్టింది. మావ ఒడ్డెక్కేసరికి పులుసు సిద్ధంగా ఉండాలని ఆమె పట్టుదల.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. మర్నాటి పాఠం కోసం ‘స్టార్మ్’ అనే మాట పుట్టుక చదువుతూ కూర్చున్నాను. జర్మన్లు ష్టుర్మ్ అంటారు, డచ్చివాళ్లదీ దాదాపు ఇంగ్లీషు పలుకే. వీటన్నిటికీ తాతలాంటి పాత మాట ఒకటుందట. దాని వేరులో తిప్పడం, కలియబెట్టడం అనే అర్థం ఉందని పండితుల ఊహ. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. సరిగ్గా అప్పుడే అత్త గుడ్డ తీసుకుని గిన్నె పట్టుకుంది. పంతులమ్మ నోరు ఊరుకుంటుందా?

“అత్తా, తుపానుకి ఇంగ్లీషోళ్ల మాట ఎలా పుట్టినాదో తెలుసా? నువ్విప్పుడు సేస్తన్నావే, ఆ తిప్పడం నుంచే.”

అత్త చేతులు ఆగిపోయాయి. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు చెప్పేదాన్నే నేను.

“ఎప్పుడో పాతకాలం సంగతి అత్తా, ఉత్త మాట,” అన్నాను.

“అలాగేనమ్మా,” అని గుడ్డ మడతపెట్టి, వెళ్లి సముద్రం కనబడేలా గుమ్మంలో కూర్చుంది.

గిన్నె తిప్పితే తుపాను రేగుతుందనే నమ్మకాలు నాకు లేవు. పొయ్యి దగ్గరికి వెళ్లి మంట తగ్గించాను గానీ, గిన్నె తిప్పడానికి నాకూ చెయ్యి రాలేదు. పులుసు అడుగంటింది.

చీకటి పడేవేళకు మావ తడిసి ముద్దయి వచ్చాడు. మొదటి ముద్దకే, “ఏటే, మాడిపోనాది?” అన్నాడు.

“కునుకు పట్టీసినాది. సూసుకోనేదు,” అంది అత్త.

నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. సిగ్గేసింది. నిజం చెప్పేంత సిగ్గు మాత్రం వేయలేదు.

ఆ రోజు నుంచి, మావ ఇసుక మీద అడుగుపెట్టాడని తెలిసేదాకా అత్త పులుసు పొయ్యెక్కించదు. ఆకలితో వచ్చిన మనిషి గోడకు ఆనుకుని ఎదురుచూస్తాడు. ఎందుకని ఆయన అడగడు, ఆమె చెప్పదు. నేను అక్కడే కూర్చుని ఉంటాను. గిన్నె తిప్పేటప్పుడు అత్త నా వైపు వీపు పెట్టి నిలబడుతుంది.