ఇంటిపేరు ముందు రాసినందుకు

పదకొండేళ్ల సర్వీసు, దానికి రావలసిన పింఛను, ఆ పింఛను నమ్ముకుని అడ్వాన్సు ఇచ్చిన చిన్న ఇల్లు. డాలస్ ఎయిర్‌పోర్టులో నా పక్కన కూర్చున్న హంగేరీ వయొలిన్ మాస్టారు పోగొట్టుకున్నవి ఇవి.

కౌంటర్లో అమ్మాయి నా ఇంటిపేరునే పేరనుకుని పిలవడంతో మా మాటలు మొదలయ్యాయి.

“మీకూ ఇంటిపేరే ముందా?” అన్నారాయన ఆశ్చర్యంగా. హంగేరీలోనూ అంతేనట. ఆయన కోవాచ్ వారి లాయోష్.

అమెరికా వచ్చిన కొత్తలో, మొదటి స్కూల్లో అలవాటుగా కోవాచ్ లాయోష్ అని రాసిచ్చారు. రెండో స్కూలు దాన్ని తిరగేసి లాయోష్ కోవాచ్ అని ఎక్కించింది. రిటైరయ్యాక పింఛను ఆఫీసు ఈ ఇద్దరూ వేరువేరు మనుషులంది. మొదటి స్కూల్లోని పదకొండేళ్లూ కొట్టేసింది.

“మరి మీరేమన్నారు మాస్టారూ?”

వయొలిన్ ఒరుసుకుని దవడ కింద కాయకాచిన మచ్చ చూపించారు. “ఇది ఆ ఇద్దరిలో ఎవరిదో చెప్పమన్నాను. నవ్వి, ఇంకో ఫారం ఇచ్చారు. నా దగ్గర నేర్చుకునే మీ తెలుగు పిల్లలే నయం, నా పేరు ఎప్పుడూ తిరగేయలేదు. అంకుల్ అంటారంతే!”

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. పుట్టిన తేదీ ఒకటే, సంతకం ఒకటే, వేలిముద్ర ఒకటే. ఇన్ని ఒకట్లు కలిపి ఇద్దరు ఎలా అయ్యారో, నాకొచ్చిన లెక్కలకు అందలేదు.

ఆ రోజు తీసుకున్న నంబరుకు మొన్న ఫోన్ చేశాను. పింఛను ఆఫీసువాళ్లు పదకొండులో నాలుగేళ్లు ఒప్పుకున్నారట.

“సంతోషించమంటున్నారు” అన్నారు మాస్టారు.

ఎందుకు సంతోషించాలి? ఆ నాలుగేళ్లు పాఠం చెప్పింది ఆయనే అయితే, అదే గదిలో మిగతా ఏళ్లు చెప్పింది ఎవరు? ఇంకా ఏడేళ్లు బాకీ.