నికర అప్పు సున్నా

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఎకానమీ చెప్పే శ్రీపతి గారు చొక్కా చేతులు మడిచి పాఠం మొదలుపెడతారు. క్లాసు అయ్యాక వాటిని విప్పి, గుండీలు పెట్టుకునే వరకు ఎవరితోనూ మాట్లాడరు. మధ్యాహ్నాలు యాజమాన్యం ఆయనను ఫీజు కౌంటర్ పక్కన కూర్చోబెడుతుంది. ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులు పాఠం చెప్పే సారును అడిగాకే డబ్బు తీస్తారు మరి.

పక్క వీధి సెంటర్ ఉన్నట్టుండి మూతపడ్డాక ఇక్కడ గోడకు 'మా నికర అప్పు సున్నా' అని కొత్త పోస్టర్ వెలిసింది. నిన్న కూతురి రెండేళ్ల ఫీజుతో వచ్చిన మొగిలయ్య దాన్ని చూపించాడు. "సార్, నికర అప్పు సున్నా అంటే ఏంది? అప్పుల్లేవనేనా?" "అప్పున్నది. బ్యాంకుల ఉన్న నగదు అందులకెల్లి తీసేస్తే సున్నా అయితది." "గంత నగదుందంటే గట్టి కంపెనీయే గద!" ఆ నగదంతా పిల్లలు ముందే కట్టిన ఫీజేనని, వాళ్లకు చెప్పాల్సిన పాఠాలు ఇంకా బాకీ ఉన్నాయని శ్రీపతి గారికి తెలుసు. ఆగిపోయిన తన జీతం కూడా ఈ వసూళ్లలోంచే రావాలి. ఆయన చేతి గుండీ విప్పి, మళ్లీ పెట్టుకున్నారు. "కట్టమంటరా సార్?" "పాప మంచిగ చదువుతదా?" "డిగ్రీల ఫస్టొచ్చింది సార్!" అని మురిసిపోయిన మొగిలయ్య, సారు అడిగిన ఆ ప్రశ్నే జవాబనుకొని కౌంటర్ వైపు తిరిగాడు.