ఎంతమంది చూస్తున్నారో చెప్పే అంకె

నా యారాలి వెబ్‌సైటు రెప్పపాటులో తెరుచుకుంటుంది. ఈ మాట రాస్తుంటేనే నాకు ఒళ్లు మండుతోంది.

యారాలంటే మా మరిది భార్య. వాళ్లుండేది బోధన్‌లో, మేముండేది నిజామాబాద్‌లో. పసుపు రేట్లు ఏ రోజుకారోజు ఫోన్లో కనబడేలా సైటు పెట్టింది ముందు నేను. రోజూ మార్కెట్ యార్డుకు వెళ్లి, పసుపు కుప్పల ఫొటోలు తీసి, కొమ్ము ఎంత పలికిందో, మండ అనే గుండ్రటి దుంప ఎంత పలికిందో నా చేత్తో ఎక్కించేదాన్ని. ఆమె తర్వాత వడ్ల రేట్లతో మొదలుపెట్టి, ఈ సీజన్లో పసుపు కూడా చేర్చింది.

"అక్కా, నిన్ను సూసే నేర్సుకున్న" అంది, నవ్వుతూ. నేర్చుకుంటే నేర్చుకో తల్లీ, నా పసుపు జోలికెందుకు?

ఆమె పేజీలో ఏముందని? తెల్ల కాగితం మీద నల్లక్షరాలు, అంతే. నా దాంట్లో ఫొటోలుంటాయి, కొమ్ము పసుపు రంగు కళ్లకు కడుతుంది. కాకపోతే మధ్యాహ్నం రేట్లు పడే వేళకు జనమంతా ఒక్కసారే మీద పడేవాళ్లు, సైటు కూలబడేది. ఫొటోలు చిన్నవి చేయొచ్చు. చేస్తే ఆమె పేజీకీ నా పేజీకీ తేడా ఏముంటుంది? అందుకని ఫొటోలు అలాగే ఉంచి, పెద్ద సర్వరుకు మారాను. మారుస్తుంటే పాత రేట్లు సగం తలకిందులయ్యాయి. వాటిని సరిచేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంత చేస్తే మా అత్తమ్మ ఓ పెళ్లిలో పదిమంది ముందు ఏమందో తెలుసా? "చిన్నదాని సైటు గిట్ల ఒత్తంగనే గట్ల తెరుసుకుంటది. పెద్దదానిది శాయ్ తాగొచ్చినా తిరుగుతనే ఉంటది."

ఇంటికొచ్చి తెల్లారి పొద్దున్నే కూర్చుని సైటు నెత్తిన ఓ అంకె పెట్టాను. ఈ క్షణాన ఎంతమంది చూస్తున్నారో ఎర్రగా, పెద్దగా చూపిస్తుంది. చూడనీ, ఎవరి దగ్గర జనం ఉన్నారో చూడనీ! రోజంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అంకె పెరిగినప్పుడల్లా కడుపు చల్లబడేది.

కానీ సైటు మునుపటికంటే ఎక్కువగా మొరాయించసాగింది. ఆ అంకె మారుతుండాలంటే, తెరిచి ఉన్న ప్రతి ఫోనూ ఊపిరాడనీయకుండా సర్వరును అడుగుతూనే ఉండాలి. నాకది తెలుసు. తీసేద్దామనే అనుకున్నాను. ఇంతలో యారాలు ఫోన్ చేసింది.

"అక్కా, గా అంకెతోనే బరువైతున్నట్టున్నది. తీసేయరాదు?"

ఇంకేం తీస్తాను? ఆమె చెప్పింది కాబట్టి ఉంచాను.

ఆ వారంలోనే మా బాపు ధర్పల్లిలోని మా పుట్టింటి నుంచి పసుపు తెచ్చి యార్డులో పోశాడు. సంవత్సరం కష్టం అంతా ఆ కుప్పే. అన్నం గిన్నె పట్టుకుని వెళ్లేసరికి సంచుల మీద కూర్చుని, ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని రేట్లు చూస్తున్నాడు. నా సైటే అనుకుని మురుస్తూ తొంగి చూశాను. తెల్ల కాగితం, నల్లక్షరాలు.

అందరూ పోతే పోయారు, బాపు కూడానా!

"ఏంది బాపూ, నీకు గూడ నాది పనికిరాలేదా?"

"గట్లంటవేంది బిడ్డా? ముందుగాల నీదే తెరిసిన. పైన ఎర్రగ గంత అంకె ఉండె. అబ్బో, ఇంతమంది ఉన్నరా అనుకున్న. దూరంకెళ్లి వచ్చినోళ్లుంటరు, రేటు కోసం కండ్లు కాయలు కాసినోళ్లుంటరు. ఇంటోన్ని నేనెందుకు అడ్డం, ఇంకొకరికి సందైతదని మూసేసిన."

"మరి దానిదెందుకు తెరిసినవు?"

"చిన్నామెదాంట్ల అంకే లేదు. పాపం, ఎవ్వరు రానట్టున్నరు, మనమన్న పోదమని పోయిన. రోజు గదే సూస్తున్న." పక్క కుప్పల వాళ్ల వైపు చేయి చూపించాడు. "గీళ్లకు గూడ చెప్పిన. బిడ్డ సైటుల జాగ లేదు, దీంట్ల సూడుండ్రని."

సైటులో జాగా అయిపోదు బాపూ అని చెప్పబోయాను. కానీ కూలబడుతున్న ఆ సైటుతో వారం రోజులుగా తిప్పలు పడుతున్నదాన్ని, ఏ మొహంతో చెప్పను? గిన్నె ఆయన చేతికిచ్చి, ఆ సంచుల మీదే కూర్చుని, ఫోన్లోంచే ఆ అంకెను పీకేశాను.

అప్పటికీ యారాలి మీద కుళ్లు తగ్గలేదు. తగ్గదు కూడా. బాపు చేతిలోని ఫోను లాక్కుని నా పేజీ తెరిచి, మళ్లీ ఆయన చేతిలో పెట్టాను.

"గిప్పుడు ఖాళీగనే ఉన్నది బాపూ. నువ్వు రా."