తాతగారి సంతకం ఉన్న నోటు

నిన్న ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో ఒకరి గృహప్రవేశానికి వెళ్తే, హాల్లో గోడకి ఫ్రేమ్ కట్టించిన పాత డాలర్ నోటు కనిపించింది. అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేను మాత్రం భోజనం చెయ్యకుండానే వచ్చేశాను.

మా ఆయన బాబాయిగారికి ఈ నోట్ల పిచ్చి. ఒకప్పుడు ఇక్కడ ఊళ్ళలో ఉండే చిన్న బ్యాంకులు కూడా తమ పేరుతో నోట్లు ఇచ్చేవట, కొన్నిటి మీద ఆ బ్యాంకు క్యాషియరే సిరాతో సంతకం పెట్టేవాడట. ఊరు ఎంత చిన్నదైతే నోటుకి అంత గిరాకీ. ఇంటర్ దాటని నాకు ఇదంతా ఆయన చెప్తేనే తెలిసింది. నోటుని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకునేవారు, మనుషుల దగ్గరే ఆ సుతారం ఉండేది కాదు.

మేం అమెరికా వచ్చిన కొత్తలో వాళ్ళింట్లోనే ఉన్నాం. ఆ ఎండాకాలం పక్కింటి ముసలావిడ ఏసీ పాడైంది. రిపేరుకి డబ్బు లేక, ఒకప్పుడు బ్యాంకు క్యాషియరుగా వాళ్ళ తాతగారు సంతకం చేసిన నోటు పట్టుకుని వచ్చింది. ఆయన చేతిరాత ఆవిడ దగ్గర మిగిలింది అదొక్కటేనట. బాబాయిగారు భూతద్దంలో చూసి, పెదవి విరిచి, మడతలు పడిందంటూ మూడొందల డాలర్లు చేతిలో పెట్టారు. నేను టీ ఇస్తుంటే నవ్వుమొహంతోనే తెలుగులో అన్నారు: "తక్కువలో తక్కువ ఆరు వేలు పలుకుతుందమ్మాయ్. నీ ఇంగ్లీష్ ప్రాక్టీసు ఈవిడ దగ్గర మొదలెట్టకు." నా గురించి ఏదో మంచిమాట అన్నారనుకుని ఆవిడ నాకేసి నవ్వింది.

ఆ శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం. కొత్త కారుకి పెట్టినట్టే, పిన్నిగారు ఆ నోటుకి నాలుగు మూలలా తడి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి అమ్మవారి ముందు ఉంచారు.

"మరకపడ్డ నోటు ఎవడు కొంటాడే?" అని ఆయన నెత్తి పట్టుకున్నారు.

"బొట్టు లేకుండా పూజలో ఎలా పెడతానండీ?" అని ఆవిడ.

మధ్యాహ్నానికి తేరుకుని, బూరెల గిన్నె నా చేతికిచ్చి, ఆయన పక్కింటికి బయల్దేరారు. నోటు ఆవిడకి తిరిగిచ్చి, తాతగారి గుర్తు మనవరాలి దగ్గరే ఉండాలని, మా దేవుడి ఆశీర్వాదం కూడా చేయించి తెచ్చామని ఇంగ్లీషులో మెత్తగా చెప్పారు. మూడొందలు మాత్రం వెనక్కి అడిగారు. అవి అప్పటికే ఏసీకి పోయాయి. నెలకి యాభై చొప్పున ఆవిడ చెక్కులు రాసిచ్చింది. ఇంత మంచివాణ్ణి చూడలేదంటూ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆవిడకి నిజం చెప్పెయ్యాలనిపించింది. అయినా వాళ్ళింట్లో ఉంటున్నాం, మా ఆయన ఉద్యోగం బాబాయిగారు చూపించిందే అనుకుంటూ, గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. చివరిదాకా ఆయన గురించి గొప్పగానే చెప్పిందట. ఏళ్ళు గడిస్తే ఆయన మీద అసహ్యం తగ్గుతుందనుకున్నాను. తగ్గింది. కాలం దాన్ని పారేయలేదు, మెల్లగా నా పేరు మీదికి మార్చింది, అంతే.