చీర నాయనమ్మది, మొహం తాతయ్యది

మొన్న నా పుట్టినరోజుకు మా మనవరాలు పెద్ద పటం ఒకటి తెచ్చి, నార్త్ యార్క్‌లోని మా కాండో ఫ్లాటు హాల్లో, సోఫా పైన తగిలించింది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పాత ఫొటోకు ఏదో యాప్‌తో రంగులేయించిందట. పట్టుచీర, ముక్కుకు నత్తు, మెడలో కాసులపేరు, ఓరగా ఒక చూపు. కింద వంకీల అక్షరాలతో ‘అవర్ గ్రేట్ గ్రేట్ గ్రాండ్‌మదర్’. వచ్చినవాళ్ళంతా కేకు వదిలేసి పటం దగ్గర చేరి, "అచ్చం మీ పోలికే ఆంటీ, ఆ కళ్ళు చూడండి!" అంటుంటే ఒళ్ళు మండిపోయింది. పోలిక ఉండదూ మరి! అందులో ఉన్నది మా నాయనమ్మ కాదు, తాతయ్య.

మూకీల కాలంలో ఆడవాళ్ళు సినిమాల్లో వేయడానికి జంకేవారు. మీసం కూడా సరిగా రాని మా తాతయ్య మద్రాసులో ఆడవేషాలు వేశాడు. బొమ్మ మాట్లాడదు కనుక ఆయన బొంగురు గొంతుతో ఎవరికీ పేచీ రాలేదు. సినిమాహాలు గోడకు పెట్టే స్టిల్స్ తీస్తామన్నప్పుడు, కంపెనీ ఇచ్చిన చీర వెలిసిపోయిందని నాయనమ్మ పెళ్ళిచీరా నగలూ పట్టుకుపోయాడు. కట్టుకోవడం చేతకాదు కనుక నాయనమ్మనూ పట్టుకుపోయాడు. కుచ్చిళ్ళు సర్దింది ఆవిడే. ఫొటోగ్రాఫరు ఆవిడ చేతికే తెల్లదుప్పటి ఇచ్చి, ఎండ ఆయన మొహం మీదికి మళ్ళేలా ఎత్తి పట్టుకోమన్నాడట. "చేతులు లాగేశాయే తల్లీ! చీర నాది, నత్తు నాది, ఆఖరికి వెలుగూ నేను పట్టిందే. మొహం మాత్రం మీ తాతది" అని నవ్వేది. తనకూ ఒకటి తీయించమంటే తాతయ్య "ఈసారి వచ్చినప్పుడు" అన్నాడట. ఈలోగా టాకీలొచ్చాయి, ఆ గొంతు పుణ్యమా అని ఆయన ఇంటికొచ్చేశాడు. నాయనమ్మ ఫొటో అన్నది ఈ భూమ్మీద లేదు.

ఈ మాట చెబుదామని నోరు తెరిస్తే మా అమ్మాయి వంటింట్లోకి లాక్కెళ్ళి, "వదిలెయ్యమ్మా, రెండు వారాలు కూర్చుని డిజైన్ చేసింది, ఫీలవుతుంది" అంది. ఎవరూ ఫీలవకూడదు, నాయనమ్మ మాత్రం లేకుండా పోవచ్చు! అందరూ వెళ్ళాక ఆగలేక మనవరాలికి చెప్పేశాను. అది ఫీలవనే లేదు. "వావ్, దట్స్ సో కూల్!" అని, వెంటనే ఫోన్ తీసి, "సో, హౌ డిడ్ షీ లుక్, అమ్మమ్మా? నువ్వు చెప్పు, యాప్ డ్రా చేస్తుంది" అంది.

చామనఛాయ అన్నాను. గడ్డం మీద పుట్టుమచ్చ అన్నాను. "లెఫ్ట్ ఆర్ రైట్?" అంది. కళ్ళు మూసుకున్నాను. నా జడ అల్లే వేళ్ళు గుర్తొచ్చాయి, చేతిగాజుల చప్పుడు గుర్తొచ్చింది. మొహం కోసం ఎంత తన్నుకున్నా, నత్తు పెట్టుకుని తాతయ్యే వచ్చి నిలబడ్డాడు. ఆవిడను చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్ని. ఆ ఒక్కదాన్నీ చిన్నప్పటినుంచీ మా ఇంటి గోడ మీదున్న ఆ పాత ఫొటోనే చూస్తూ బతికేశాను.

"ఇట్స్ ఓకే, అమ్మమ్మా" అంది పిల్ల. ఏమిటే ఓకే? ఇన్నేళ్ళు గడిచిపోయినా నాయనమ్మ ఇంకా ఆ పటం అంచుకు అవతల, చేతులు లాగేస్తున్నా దుప్పటి దించకుండా నిలబడే ఉంది. తాతయ్య చెప్పిన ఆ ‘ఈసారి’ మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.