బూటు అడుగున చూసిన ఆట

సదాశివ మాస్టారికి ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. సాయంత్రం ఐదింటిలోగా ఒక్క పేరు పంపాలి. ఊళ్లో ఒక పెద్ద షటిల్ అకాడమీ ఉంది. పదకొండేళ్లలోపు పిల్లల్లో ఏడాదికొకరిని ఎంచి పంపితే ఆట, చదువు, తిండి అన్నీ వాళ్లే చూసుకుంటారు. జహనుమా బస్తీలో ఆయన నడిపే చిన్న షటిల్ కోర్టుకు దక్కేది ఆ ఒక్క సీటే. ఆరేళ్లుగా ఆ పేరు రాసే చెయ్యి ఈయనదే.

ఉప్పుగూడలో మాస్టారి వాళ్లది తాతల నాటి నుంచి గుడి సేవ చేసే కుటుంబం. అన్న హారతి పళ్లెం పట్టుకుంటే ఈయన రాకెట్ పట్టుకున్నాడు. అలాగని ఏమైనా గెలిచాడా అంటే అదీ లేదు. పొద్దున పిల్లలకు ఆట నేర్పి, పది కొట్టేసరికి ఆఫీసులో గుమాస్తాగా కూర్చుంటాడు.

పిల్లలను అంచనా వేయడానికి ఆయనకో సొంత లెక్క ఉంది. ఆట అయ్యాక అందరూ బూట్లు విప్పి గుమ్మం దగ్గర వరసగా పెట్టాలి. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి అడుగు చూస్తాడు. మునివేళ్ల వైపు అరిగితే చురుకైన పిల్ల. మడమ వైపు అరిగితే బరువంతా వెనక వేసి నిలబడే పిల్ల, నెట్ దగ్గర షటిల్ రాలిపోయాక తీరిగ్గా చేరుకుంటుంది. మొదటి ఏడాది కళ్లను నమ్మి శశిధర్ అనే పొడుగు పిల్లవాణ్ణి పంపితే, మూడు నెలలకే కాళ్లు కదలడం లేదని వెనక్కి పంపేశారు. ఆ తలవంపుతో కళ్లను పక్కనపెట్టి బూట్లను పట్టుకున్నాడు. మనిషి మంచివాడే, మొండితనమే కాస్త ఎక్కువ.

ఈసారి ఇద్దరు మిగిలారు. బన్నీ బూట్లు ముందువైపు చక్కగా అరిగాయి. అభిజ్ఞ బూట్లు మడమ దగ్గర నున్నగా అయిపోయాయి. లెక్క ప్రకారం బన్నీయే. కానీ పొద్దున అభిజ్ఞ, ఇక అందదనుకున్న షటిల్‌ను మూడుసార్లు వెళ్లి అందుకుంది. మడమ మీద నిలబడే పిల్ల అక్కడికి ఎలా చేరుతుంది?

ఆఫీసులో ఫోను తీసి బన్నీ పేరు కొట్టాడు, చెరిపాడు. టీకి వెళ్లి సగం తాగి వచ్చాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ చెరిపాడు. పక్క సీటు వేణుగోపాల్ ఉండబట్టలేక అడిగాడు.

"ఏంది సదాశివన్నా, కుర్చీల ముండ్లు గిట్ల ఉన్నయా?"

"ఉన్నయనుకో," అని మాస్టారు విసుక్కుని, మూడున్నరకు పర్మిషన్ పెట్టి స్కూటర్ తీశాడు.

అభిజ్ఞ తండ్రి రామ్‌చందర్ లాడ్ బజార్‌లో ఒక దుకాణం వెనక గదిలో లక్క గాజులు చేస్తాడు. ఎండాకాలం సెలవులు కాబట్టి పద్నాలుగేళ్ల పెద్దకూతురు స్వరూప పక్కన కూర్చుని గాజులకు రాళ్లు అద్దుతోంది. మాస్టారు మంచినీళ్లు కూడా తాగకుండా అడిగేశాడు.

"రామ్‌చందర్, నీ చిన్నబిడ్డ మడమలు ఈడ్చుకుంట నడుస్తదా?"

"నడుసుడేంది సార్, దానికి ఉర్కుడే తెలుసు. మెట్లు గూడ మునివేళ్ల మీదనే ఎక్కుతది. ఏమైంది?"

"మరి బూట్లు మడమకాడ గట్ల ఎందుకు అరిగినయ్?"

రామ్‌చందర్ నవ్వాపుకోలేకపోయాడు. "గవి మొన్న జుమ్మేరాత్ బజార్ల కొన్న పాతయి సార్. ఎవరు తొడిగి ఇడిసిపెట్టిన్రో ఏమో! కొత్తయి కొంటే రెణ్నెల్లకే కాలు పెరిగిపాయె."

మాస్టారి ముఖం కందగడ్డ అయింది. ముక్కూ మొహం తెలియని ఎవరి నడకనో చూసి ఈ పిల్ల ఆట తేల్చేయబోయాడు. వెంటనే ఫోను తీసి అభిజ్ఞ పేరు కొట్టి పంపేశాడు. ఐదుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. హమ్మయ్య అనుకుని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెల్లె పేరు పంపిన్రా సార్?" స్వరూప అడిగింది.

"పంపిన బిడ్డా."

"మంచిగైంది," అని ఇంకో రాయి అద్ది, తలెత్తకుండానే అంది. "నాలుగేండ్ల కింద నా బూట్లు గూడ ఆడనే కొన్నం సార్."

అప్పుడు గుర్తొచ్చింది. రెండు జడలతో వచ్చిన పదేళ్ల పిల్ల. వారం తిరక్కముందే బూట్లు తిరగేసి, 'ఈ పిల్ల కాళ్లల్ల ఆట లేదు' అని తండ్రితో చెప్పాడు. ఆ తరువాత ఆ పిల్ల రాలేదు. రాలేదేమని ఈయన అడగనూ లేదు. ఆమె ఎలా ఆడేదో గుర్తు తెచ్చుకోబోయాడు. బూట్లు గుర్తున్నాయి, ఆట గుర్తులేదు. అసలు చూస్తే కదా! ఇంకెంతమంది పిల్లలు పాతబూట్లతో వచ్చి వెళ్లిపోయారో లెక్కపెట్టే ధైర్యం చాల్లేదు.

"రేపు పొద్దుగాల ఆరింటికి కోర్టుకు రా బిడ్డా. నీ ఆట చూస్త."

స్వరూప మొదటిసారి తలెత్తి చూసింది. కోపంగా చూసి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

"నాకు పద్నాలుగొచ్చినయ్ సార్. ఇప్పుడు చూసి ఏడికి పంపుతరు?"

రామ్‌చందర్ గబగబా టీకి కేకేశాడు. స్వరూప చేతిలోని గాజుకు మిగిలిన రాళ్లన్నీ అద్ది పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది.